లోక్‌సభ ఎన్నికల సర్వేలు, ఎగ్జిట్ పోల్స్, ఫలితాలు: సొంతంగా లెక్క చూసుకోవడం ఎలా?

2019లో బీజేపీకి దేశం మొత్తం మీద 37.4 శాతం ఓట్లు వచ్చాయి, 303 సీట్లు గెలిచింది. 2024లో 36.6 శాతం వచ్చాయి, 240 సీట్లు గెలిచింది. ఓట్లలో తగ్గింది ఒక్క శాతం కూడా లేదు, సీట్లలో మాత్రం 63 తగ్గాయి. అదే సమయంలో కాంగ్రెస్ ఓట్లు 19.5 నుంచి 21.2 శాతానికి పెరిగితే, సీట్లు 52 నుంచి 99కి చేరాయి.

ఈ అంకెలు ఒకసారి నెమ్మదిగా చూడండి. సర్వే చేసేవాళ్లు జనాన్ని అడిగి తెలుసుకోగలిగేది ఓట్ల శాతం ఒక్కటే. సీట్ల సంఖ్య ఎవరిని అడిగినా తెలియదు, ఆ ఓట్ల శాతం మీద ఆఫీసులో కూర్చుని కట్టే లెక్క అది. టీవీల్లో పెద్ద అక్షరాలతో వేసేది మాత్రం సీట్లనే. ఓట్ల శాతం ఎక్కడో కింద చిన్నగా పోతుంటుంది, ఒక్కోసారి అసలు చెప్పరు. ఫలితాల రోజు సగం మంది ఆశ్చర్యపోవడానికి, మిగతా సగం మంది మోసం జరిగిందని అనుమానించడానికి ఇదే పెద్ద కారణమని నా అభిప్రాయం.

కాబట్టి ఓట్లు వేరు, సీట్లు వేరు అన్నది మనసులో పెట్టుకుని ముందుకు వెళ్దాం. మీకు కావలసింది ఒక నోట్‌బుక్, ఫోన్‌లో కాలిక్యులేటర్, కొంచెం ఓపిక. కూడికలు, తీసివేతలు, శాతాలు వస్తే చాలు.

ముందుగా పాత లెక్క రాసి పెట్టుకోండి

ఈ పని ఎన్నికల హడావుడి మొదలవక ముందే చేయాలి. షెడ్యూల్ వచ్చాక రోజుకో సర్వే, గంటకో వీడియో వచ్చి పడతాయి, అప్పుడు ప్రశాంతంగా కూర్చోవడం కుదరదు.

మొదటి పేజీలో దేశం లెక్క: మొత్తం సీట్లు 543, మెజార్టీకి 272. ఉత్తరప్రదేశ్ 80, మహారాష్ట్ర 48, పశ్చిమ బెంగాల్ 42, బిహార్ 40, తమిళనాడు 39. ఈ ఐదు రాష్ట్రాల్లోనే 249 సీట్లున్నాయి. మనకు ఆంధ్రప్రదేశ్‌లో 25, తెలంగాణలో 17. ప్రతి రాష్ట్రం పక్కన గత రెండు ఎన్నికల్లో ప్రధాన పార్టీలకు వచ్చిన ఓట్ల శాతం, సీట్లు రాయండి.

రెండో పేజీ మీ సొంత నియోజకవర్గానిది. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఒక్కో లోక్‌సభ స్థానం కింద 7 అసెంబ్లీ సెగ్మెంట్లు ఉంటాయి (25 ఏడులు 175, 17 ఏడులు 119, సరిగ్గా సరిపోతుంది). సెగ్మెంట్ వారీగా ఎవరికి ఎన్ని ఓట్లు వచ్చాయో, ఎవరికి ఎంత ఆధిక్యం ఉందో రాసుకోండి. కౌంటింగ్ రోజు ఈ పేజీ లేకపోతే మీరు టీవీ యాంకర్ మాట మీదే ఆధారపడాల్సి వస్తుంది.

ఈ అంకెలన్నీ ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో గణాంక నివేదికల కింద ఉచితంగా దొరుకుతాయి. ఇంకా లోతుకు వెళ్లాలంటే రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో ఫారం 20 వెతకండి. అందులో బూత్ వారీగా ఓట్లుంటాయి. మీ వీధి ఎటు వేసిందో కూడా కనిపిస్తుంది.

ఒక జాగ్రత్త. 2009కి ముందు అంకెలను ఇప్పటి నియోజకవర్గాలతో పోల్చవద్దు. 2008 నియోజకవర్గాల పునర్విభజనతో హద్దులు మారాయి. మల్కాజిగిరి లాంటి స్థానాలు అప్పుడే పుట్టాయి. మళ్లీ పునర్విభజన జరిగితే ఈ పేజీ కూడా కొత్తగా రాసుకోవాల్సిందే.

సర్వే చేతికి రాగానే సీట్లు చూడకండి

కష్టమే, కళ్లు అటే పోతాయి. అయినా ముందు వేరే విషయాలు వెతకండి.

అసలు అది నిజమైన సర్వేనా? వాట్సాప్‌లో తిరిగే సర్వేల్లో చాలావాటికి తల్లీ తండ్రీ ఉండరు. పేరున్న చానల్ లోగో, ఒక పట్టిక, రంగురంగుల బాణాలు ఉంటాయి, అంతే. ఆ సంస్థ సొంత వెబ్‌సైట్‌లోనో సొంత చానల్‌లోనో అదే అంకె కనిపించాలి. కనిపించకపోతే ఆ ఫొటోను అక్కడే వదిలేయండి, ఇంకొకరికి పంపకండి.

ఎప్పుడు చేశారు? విడుదల చేసిన తేదీ చూసి మోసపోవద్దు, జనాన్ని అడిగిన తేదీలు కావాలి. 2024లో ఆంధ్రలో టీడీపీ, జనసేనలతో బీజేపీ పొత్తు మార్చిలో ఖరారైంది. అంతకు ముందు ఇళ్లకు వెళ్లి అడిగిన సర్వేలో బీజేపీ వేరే వరుసలో ఉంటుంది. ఆ అంకెలు కూడేసి పొత్తు బలం ఇదీ అని చెబితే అది సర్వే అనిపించుకోదు, ఊహ మాత్రమే. పొత్తు కుదిరాక ఒక పార్టీ ఓటు ఇంకో పార్టీకి ఎంత బదిలీ అవుతుందో జనాన్ని మళ్లీ అడిగితేనే తెలుస్తుంది.

ఏ ప్రశ్న అడిగారు? "ఇప్పుడు ఎన్నికలు జరిగితే ఎవరికి ఓటేస్తారు" అన్నది ఒక ప్రశ్న. "ఎవరు గెలుస్తారనుకుంటున్నారు" అన్నది ఇంకోటి. రెండోదానికి జనం చెప్పేది ఊరి గాలి, తమ ఓటు కాదు. ఇంకా ముఖ్యమైనది, అసెంబ్లీ గురించి అడిగారా, లోక్‌సభ గురించి అడిగారా అన్నది. తెలంగాణలో 2023 నవంబరు చివర జరిగిన అసెంబ్లీ ఎన్నికల్లో బీఆర్‌ఎస్‌కు 37 శాతం ఓట్లు వచ్చాయి. ఆరు నెలలు తిరగకుండానే, 2024 మే 13న జరిగిన లోక్‌సభ పోలింగ్‌లో అది 17 శాతం దగ్గరకు పడిపోయింది, ఒక్క సీటూ రాలేదు. వాళ్లే ఓటర్లు, అవే ఊళ్లు. ఢిల్లీకి వేసే ఓటు వేరు, హైదరాబాద్‌కు వేసే ఓటు వేరు అని జనం అనుకున్నప్పుడు ఒకదాని సర్వేతో ఇంకోదాన్ని అంచనా వేస్తే బోల్తా పడతాం.

ఎలా అడిగారు? ఫోన్‌లో రికార్డు చేసిన గొంతు వచ్చి "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అనే పద్ధతి చౌక, వేగం. కానీ ఫోన్ ఇంట్లో ఎవరి చేతిలో ఉంటే వాళ్ల అభిప్రాయమే రికార్డవుతుంది. ఆ ఫోన్ ఎక్కువగా మగవాళ్ల చేతిలో ఉంటే ఆడవాళ్ల మాట తగ్గిపోతుంది. ఓటర్ల జాబితాలోంచి పేర్లు తీసుకుని, ఇంటికే వెళ్లి అడిగే పద్ధతి ఖర్చుతో కూడింది, నెమ్మదైనది, కానీ మెరుగైనది. సీఎస్‌డీఎస్ అనే పరిశోధన సంస్థకు చెందిన లోక్‌నీతి బృందం ఇంటికి వెళ్లినప్పుడు ఓటు ప్రశ్నను నోటితో అడగకుండా, గుర్తులున్న నమూనా బ్యాలెట్ కాగితం చేతికిచ్చి, గుర్తు పెట్టి పెట్టెలో వేయమంటుంది. పక్కింటివాళ్లు నిలబడి వింటుంటే నిజం చెప్పడానికి జంకేవాళ్లు మన దగ్గర చాలామంది ఉంటారు, పథకం ఆగిపోతుందనో, ఊరి పెద్దకు తెలుస్తుందనో భయం. ఆ భయానికి ఎవరు విరుగుడు ఆలోచించారో చూడండి.

చివరగా, డబ్బెవరిచ్చారు, "ఇంకా తేల్చుకోలేదు" అన్నవాళ్లు ఎంతమంది, వాళ్లను ఏ లెక్కలో పంచేశారు. ఇవేవీ చెప్పని సర్వేకు నోట్‌బుక్‌లో చోటు ఇవ్వకండి.

శాంపిల్ లెక్క ఐదు నిమిషాల పని

అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టుకుని చూస్తే చాలంటారు. ఆ మాట నిజమే, కానీ గిన్నె ఒక్కటే అయినప్పుడు. లోక్‌సభ ఎన్నిక అంటే 543 పొయ్యిల మీద 543 గిన్నెలు.

యాదృచ్ఛికంగా, ఎవరికీ మొగ్గు లేకుండా ఎంచుకున్న 1,000 మందిని అడిగితే వచ్చే అంకె అసలు అంకెకు అటూ ఇటూ 3 శాతం లోపు ఉంటుందని వందలో 95 సార్లు నమ్మవచ్చు. 2,500 మంది అయితే 2 శాతం, 10,000 మంది అయితే 1 శాతం. శాంపిల్ నాలుగు రెట్లు పెంచితే తప్ప తప్పు సగానికి తగ్గదు. అది కూడా ఎంపిక సరిగ్గా జరిగితేనే. ఒకే ఊళ్లో ఇరవై మందిని వరుసగా అడిగేస్తే వాళ్లంతా ఒకేలా చెప్పే అవకాశం ఎక్కువ, కాబట్టి తప్పు ఇంకా పెరుగుతుంది. ఎంపికే వంకరైతే లక్ష మందిని అడిగినా ఆ వంకర పోదు.

ఇప్పుడు కాలిక్యులేటర్ తీయండి. దేశవ్యాప్తంగా 20,000 మందిని అడిగామని ఒక సంస్థ చెప్పింది అనుకుందాం. 543తో భాగిస్తే ఒక్కో నియోజకవర్గానికి 37 మంది కూడా రారు. ఆంధ్రలోని 25 స్థానాలకు కలిపి 920 మంది. అంటే రాష్ట్రం మొత్తానికి ఓట్ల శాతంలోనే 3 శాతం అటూ ఇటూ. అలాంటిది "ఫలానా నియోజకవర్గంలో ఫలానా అభ్యర్థి గెలుపు ఖాయం" అని అదే సర్వే పేరు మీద ఎవరైనా చెబితే, 37 మంది మాట మీద పది, పదిహేను లక్షల మంది ఓటర్ల తీర్పు చెబుతున్నట్టు.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. ఒక పార్టీకి 42, ఇంకో పార్టీకి 39 అని వస్తే తేడా 3 కదా, తప్పు కూడా 3 కదా, సరిపోయింది అనుకుంటారు. మొదటి పార్టీకి ఎక్కువ చెప్పిన ఓటు చాలావరకు రెండో పార్టీ నుంచి తీసిందే అవుతుంది. అందుకే ఇద్దరి మధ్య తేడాలో తప్పు దాదాపు రెట్టింపు, అంటే 6 దాకా ఉండొచ్చు. 1,000 మంది శాంపిల్‌తో 3 శాతం ఆధిక్యం అంటే నోట్‌బుక్‌లో "పోటాపోటీ" అని రాయండి, "ముందంజ" అని రాయకండి.

ఓట్లు సీట్లుగా ఎలా మారతాయి?

మన పద్ధతిలో ఒక నియోజకవర్గంలో అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాళ్లదే సీటు. 1989లో అనకాపల్లిలో కొణతాల రామకృష్ణ 9 ఓట్ల తేడాతో లోక్‌సభకు గెలిచారు. 2024లో ముంబై నార్త్ వెస్ట్‌లో తేడా 48 ఓట్లు. ఈ సీట్లూ ఒక్కొక్కటే, ఐదు లక్షల మెజార్టీతో గెలిచిన సీటూ ఒక్కటే.

దీనివల్ల ఏం జరుగుతుందో మన రాష్ట్రాన్నే చూడండి. 2019లో ఆంధ్రప్రదేశ్ లోక్‌సభ ఎన్నికల్లో టీడీపీకి 40 శాతం దగ్గర ఓట్లొచ్చాయి, 25లో 3 సీట్లు దక్కాయి. 2024లో వైఎస్సార్‌సీపీకి 39 శాతం పైన ఓట్లొచ్చాయి, 4 సీట్లు దక్కాయి. పది మందిలో నలుగురు వేసినా అంతే. కారణం, అవతలివాళ్లకు 50 దగ్గరో అంతకు పైనో ఉండటం, ఆ ఓటు రాష్ట్రమంతా సమానంగా పరుచుకుని ఉండటం. ఇద్దరే గట్టి పోటీదారులున్న చోట పది శాతం తేడా దాదాపు తుడిచిపెట్టేస్తుంది. 2014లో దేశం మొత్తం మీద జరిగిన ఇంకో ఉదాహరణ: బీఎస్పీకి 4.2 శాతం ఓట్లు, దేశంలో మూడో స్థానం, సీట్లు సున్నా. అన్నాడీఎంకేకు అంతకంటే తక్కువగా 3.3 శాతం ఓట్లే, సీట్లు 37, ఎందుకంటే ఆ ఓట్లన్నీ ఒక్క తమిళనాడులో పోగుపడి ఉన్నాయి.

ఇప్పుడు మీ నియోజకవర్గానికి ఈ లెక్క కట్టడం నేర్చుకోండి. గతసారి ఒకటో పార్టీకి 48 శాతం, రెండో పార్టీకి 44 శాతం వచ్చాయనుకోండి, తేడా 4. మీరు నమ్మదగినదని తేల్చుకున్న సర్వే ప్రకారం రాష్ట్రంలో ఒకటో పార్టీ 3 శాతం తగ్గింది, రెండోది 2 శాతం పెరిగింది. ఈ రెండు మార్పులనూ కూడి సగం చేస్తే రెండున్నర వస్తుంది. దీన్నే స్వింగ్ అంటారు. పాత తేడాలో సగం 2. స్వింగ్ అంతకంటే ఎక్కువ కాబట్టి ఆ సీటు చేతులు మారుతుంది: ఇటు 45, అటు 46. ఇదే లెక్క రాష్ట్రంలోని అన్ని స్థానాలకూ వేసి చూడండి. 5 శాతం లోపు తేడాతో పోయిన సీట్లు ఎన్ని ఉన్నాయో అప్పుడు తెలుస్తుంది. చిన్న గాలికే చేతులు మారేవి అవే, సర్వే సంస్థలు ఎక్కువగా తప్పేదీ వాటిలోనే.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. రాష్ట్రమంతా గాలి ఒకేలా వీచదు. అభ్యర్థి మారడం, సొంత పార్టీలో తిరుగుబాటు, మూడో పార్టీ బరిలోంచి తప్పుకోవడం లాంటివి ఒక్కో చోట ఒక్కోలా పనిచేస్తాయి. అందుకే వచ్చిన అంకె పక్కన "సుమారు" అని రాయడం అలవాటు చేసుకోండి. ఎన్నికల విశ్లేషకులు డేవిడ్ బట్లర్, అశోక్ లాహిరి, ప్రణయ్ రాయ్ మన ఎన్నికలకు ఓట్ల స్వింగ్‌తో పాటు ప్రతిపక్షాల ఐక్యత సూచీని కూడా జోడించింది ఇందుకే. అధికార పార్టీ ఓటు తగ్గకపోయినా, ఎదుటివాళ్లు ఒక్కటైతే సీట్లు పోతాయి.

పోలింగ్ శాతం గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఎక్కువ పోలింగ్ జరిగితే ప్రభుత్వం మీద వ్యతిరేకత అనే మాట ప్రతిసారీ వింటాం. 2014లో దేశంలో 66 శాతం దాటి పోలైంది, ప్రభుత్వం మారింది. 2019లో 67 శాతం దాటింది, ఉన్న ప్రభుత్వమే ఎక్కువ సీట్లతో తిరిగొచ్చింది. ఆ సూత్రాన్ని నోట్‌బుక్‌లోకి రానివ్వకండి.

ఎగ్జిట్ పోల్ సాయంత్రం

ఓటేసి బయటికొచ్చినవాళ్లను ఎటు వేశారని అడిగి కట్టే లెక్కే ఎగ్జిట్ పోల్. లోక్‌సభ ఎన్నికలు విడతలుగా జరుగుతాయి. 2024లో ఏప్రిల్ 19 నుంచి జూన్ 1 దాకా 7 విడతలు. ముందు విడతల ఓటర్లు ఎటు వేశారో తెలిస్తే తర్వాతి విడతలవాళ్ల మీద ప్రభావం పడుతుంది కాబట్టి, ప్రజాప్రాతినిధ్య చట్టం 126ఏ సెక్షన్ ప్రకారం మొదటి విడత మొదలైనప్పటి నుంచి చివరి విడత ముగిసిన అరగంట దాకా ఎగ్జిట్ పోల్ ఫలితాలు బయటపెట్టకూడదు. ఉల్లంఘిస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అందువల్ల మధ్యలో "మా విడత ఎగ్జిట్ పోల్ లీకైంది" అని ఏదైనా వస్తే అది అబద్ధమైనా అయి ఉండాలి, నేరమైనా అయి ఉండాలి. ఎలాగైనా ముందుకు పంపకండి.

ఆ సాయంత్రం చేయాల్సింది ఇది. ఒక్కో సంస్థకు ఒక్కో వరుస గీసి ఓట్ల శాతం, శాంపిల్, సీట్ల కనిష్ఠం, గరిష్ఠం రాయండి. ఓట్ల శాతం చెప్పని సంస్థ గడిలో సున్నా చుట్టండి. తర్వాత దేశం మొత్తం అంకెను పక్కన పెట్టి రాష్ట్రాలవారీగా చూడండి. 2024లో చాలా ఎగ్జిట్ పోల్స్ బెంగాల్‌లో బీజేపీ ముందుంటుందన్నాయి. వచ్చింది తృణమూల్‌కు 29, బీజేపీకి 12. ఉత్తరప్రదేశ్‌లో బీజేపీ హవా అన్నారు, వచ్చింది సమాజ్‌వాదీకి 37, బీజేపీకి 33. దేశం మొత్తం మీద బీజేపీ కూటమి ఎన్డీయేకు 350 నుంచి 400 దాకా చెప్పిన సంస్థలున్నాయి, వచ్చింది 293. రెండు మూడు పెద్ద రాష్ట్రాల్లో జరిగిన తప్పే మొత్తం అంకెను ముంచింది.

అన్ని ఎగ్జిట్ పోల్స్‌నూ కలిపి సగటు తీసి "పోల్ ఆఫ్ పోల్స్" అని వేస్తారు. ఒక్కో సంస్థ ఒక్కో దిక్కుకు తప్పితే సగటు మేలు చేస్తుంది. అందరూ ఒకే దిక్కుకు తప్పితే సగటు కూడా అటే తప్పుతుంది. 2004లో ఎక్కువ సంస్థలు ఎన్డీయే తిరిగొస్తుందనే చెప్పాయి. కాంగ్రెస్‌కు 145, బీజేపీకి 138 వచ్చి ప్రభుత్వమే మారింది. ఒకరి అంకె మిగతావాళ్లకు దూరంగా ఉంటే ఎగతాళి చేస్తారనే భయంతో కొందరు గుంపు దగ్గరకు జరుగుతారన్న అనుమానం నాకు ఎప్పుడూ ఉంది.

పాత రికార్డు కూడా హామీ ఇవ్వదు. మన రాష్ట్రాల్లో మాజీ ఎంపీ లగడపాటి రాజగోపాల్ సర్వే అంటే ఒకప్పుడు తిరుగులేని మాట. 2018లో తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల్లో కాంగ్రెస్, టీడీపీల కూటమికి మొగ్గు అని ఆయన చెప్పారు, టీఆర్‌ఎస్ (ఇప్పటి బీఆర్‌ఎస్) 119లో 88 గెలిచింది. 2019లో ఆంధ్రలో టీడీపీ గెలుస్తుందన్నారు, వైఎస్సార్‌సీపీకి 175లో 151 వచ్చాయి. ఆ తర్వాత ఆయన సర్వేలు మానేస్తున్నానని ప్రకటించారు. ఆయన మాట నమ్మి ఎంతమంది పొలాలు, బైకులు, ఇంట్లో బంగారం పందెం కాశారో తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

దయచేసి ఎగ్జిట్ పోల్ చూసి డబ్బు పెట్టకండి. పందెం చట్టవిరుద్ధం కూడా. షేర్లలో అయినా అంతే: 2024 జూన్ 3న ఎగ్జిట్ పోల్స్ ఉత్సాహంతో సెన్సెక్స్ 2,500 పాయింట్లు పెరిగింది, మర్నాడు ఓట్లు లెక్కిస్తుంటే దాదాపు 4,400 పాయింట్లు పడిపోయింది. పిల్లల ఫీజు కోసం దాచిన సొమ్ము ఆ ఒక్క రోజులో కరిగిపోయినవాళ్ల సంగతి ఏ చానల్ స్క్రీన్ మీదా కనిపించదు.

కౌంటింగ్ రోజు: రౌండ్ ఎంత, మిగిలింది ఎంత

ఉదయం 8 గంటలకు ముందుగా పోస్టల్ బ్యాలెట్లు మొదలవుతాయి. ఉద్యోగులు, సైనికులు, ఇంటి నుంచి ఓటేసిన పెద్దవాళ్ల ఓట్లు అవి. అరగంట తర్వాత ఈవీఎంలు తెరుస్తారు. అంటే ఎనిమిదింపావుకే టీవీలో కనిపించే "ఆధిక్యం" కొన్ని వందల కాగితాల మాట. తొమ్మిదిన్నర దాకా పెన్ను పక్కన పెట్టి టిఫిన్ చేయండి.

హాల్లో ఏం జరుగుతుందో తెలిస్తే టెన్షన్ సగం తగ్గుతుంది. ఒక్కో అసెంబ్లీ సెగ్మెంట్‌కు సాధారణంగా 14 టేబుళ్లు. ఒక్కో టేబుల్ దగ్గర కౌంటింగ్ సూపర్‌వైజర్, ఒక సహాయకుడు, ఒక మైక్రో అబ్జర్వర్. ఇనుప జాలీకి ఇవతల అభ్యర్థుల ఏజెంట్లు. ఈవీఎంలు భద్రపరిచే స్ట్రాంగ్ రూమ్ నుంచి కంట్రోల్ యూనిట్లు (ఓట్లు నమోదై ఉండే ఈవీఎం భాగాలు) మాత్రమే వస్తాయి. యూనిట్ నంబరు, సీలు ఏజెంట్లకు చూపించి, పోలింగ్ రోజు బూత్‌లో పోలైన ఓట్ల లెక్క రాసిన ఫారం 17సీతో సరిచూస్తారు. తర్వాత సీలు తీసి రిజల్ట్ బటన్ నొక్కితే చిన్న తెర మీద మొత్తం పోలైన ఓట్లు, ఆ వెనుక ఒక్కో అభ్యర్థి వరుస సంఖ్య, ఓట్లు వస్తాయి. ఏజెంట్లు జాలీకి ముఖం ఆనించి ఆ అంకెలు రాసుకుంటారు. పోలింగ్ రోజు తమ ఏజెంటుకిచ్చిన 17సీ కాపీలోని మొత్తంతో ఈ మొత్తం సరిపోవాలి. తేడా వస్తే అక్కడే అభ్యంతరం చెప్పాలి. మీ ఊళ్లో ఎవరైనా ఏజెంటుగా కూర్చుంటుంటే ఆ కాపీ భద్రంగా పెట్టుకోమని తప్పకుండా చెప్పండి, మొత్తం వ్యవస్థలో సామాన్యుడి చేతిలో ఉండే గట్టి ఆధారం అదే.

14 టేబుళ్లూ ఒకసారి పూర్తయితే ఒక రౌండ్. సెగ్మెంట్‌లో 280 బూత్‌లుంటే 20 రౌండ్లు. లోక్‌సభ ఆధిక్యం అంటే ఏడు సెగ్మెంట్ల కూడిక. ఒకచోట ఆరో రౌండ్ నడుస్తుంటే ఇంకోచోట తొమ్మిదో రౌండ్ అయిపోయి ఉండొచ్చు. బూత్‌ల వరుస సంఖ్య ప్రకారం లెక్కిస్తారు కాబట్టి ఒక మండలం ముందు, ఇంకో మండలం తర్వాత వస్తుంది. ఒక పార్టీకి పట్టున్న మండలం ముందే వచ్చేస్తే ఆధిక్యం పెద్దగా కనిపించి, ఆ తర్వాత మెల్లగా కరుగుతుంది. అందులో మాయేమీ లేదు. మీ రెండో పేజీలో సెగ్మెంట్ల పాత ఆధిక్యం రాసుకోమన్నది ఇలాంటప్పటి కోసమే.

లీడ్ నిలబడుతుందా అన్నదానికి ఈ లెక్క వేయండి. ఒక అభ్యర్థి 12,000 ముందున్నాడు. మిగిలింది ఆరు రౌండ్లు, ఒక్కో రౌండ్‌లో 14 బూత్‌లు, బూత్‌కు సుమారు 800 ఓట్లు. గుణిస్తే 67,200. వెనకున్న అభ్యర్థి వీటిలో 12,000 పైన ఆధిక్యం తెచ్చుకోవాలి, అంటే ఇద్దరి మధ్యే ఓట్లు పంచుకుంటే 39,600 పైన, దాదాపు 59 శాతం కావాలి. మిగిలిన మండలాల్లో గతసారి అతని పార్టీకి అంత వచ్చిందా? వచ్చి ఉంటే పోటీ ఇంకా ఉంది. 45 దాటని చోట ఒక్కసారిగా 59 రావడం చాలా అరుదు.

టీవీ అంకెకూ ఎన్నికల సంఘం వెబ్‌సైట్ అంకెకూ తేడా ఉంటే కంగారు పడకండి. చానళ్లు హాల్లోని తమ మనుషుల ద్వారా ముందే అంకెలు తెచ్చుకుంటాయి. రిటర్నింగ్ అధికారి రౌండ్ ఖరారు చేశాకే వెబ్‌సైట్‌లోకి ఎక్కుతుంది. నోట్‌బుక్‌లోకి మాత్రం వెబ్‌సైట్ అంకే రాయండి. అందులో "ముందంజ", "గెలుపు" వేర్వేరు గడులు, ఆ తేడా మర్చిపోవద్దు.

చివర్లో ఆలస్యమైతే దానికి కారణాలున్నాయి. ఒక్కో అసెంబ్లీ సెగ్మెంట్‌లో లాటరీ తీసి ఎంచిన 5 బూత్‌ల వీవీప్యాట్ (ఓటేసిన గుర్తును కాగితం మీద ముద్రించే యంత్రం) చీటీలను ఈవీఎం అంకెతో సరిపోల్చాలి, 2019లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఒకటి నుంచి అయిదుకు పెరిగింది. గెలుపు తేడా కంటే తిరస్కరించిన పోస్టల్ బ్యాలెట్లు ఎక్కువుంటే వాటిని మళ్లీ పరిశీలించాలి. అభ్యర్థులు ఎక్కువైనా ఆలస్యమే. 2019లో పసుపు రైతులు పెద్ద సంఖ్యలో నామినేషన్లు వేయడంతో నిజామాబాద్‌లో 185 మంది బరిలో నిలిచారు, ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు (అభ్యర్థుల గుర్తులు, మీటలు ఉండే ఈవీఎం భాగాలు) పెట్టాల్సి వచ్చింది.

ఫలితం వచ్చాక ఒక వారం ఆగి

డిపాజిట్ సంగతి సులువు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే లోక్‌సభ అభ్యర్థి కట్టిన 25,000 రూపాయలు (ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 12,500) గల్లంతే. నోటా, అంటే ఈ అభ్యర్థుల్లో ఎవరూ వద్దనే ఓటు, ఎంత వచ్చినా ఫలితం మారదు. 2024లో ఇందౌర్‌లో నోటాకు 2 లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి, అయినా ముందున్న అభ్యర్థే గెలిచినట్టు ప్రకటించారు.

ఎన్నికపై అభ్యంతరం ఉన్న అభ్యర్థిగానీ ఆ నియోజకవర్గ ఓటరుగానీ ఫలితం ప్రకటించిన 45 రోజుల్లోగా హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయాలి. వాట్సాప్‌లో ఎంత వాదించినా ఆ గడువు ఆగదు. ఓటరుకు కూడా ఆ హక్కు ఉందన్న సంగతి చాలామందికి తెలియదు.

ఇక మీ ఎగ్జిట్ పోల్ పట్టిక తీసి పక్కన రెండు కొత్త గడులు గీయండి. ఒకదాంట్లో ఒక్కో సంస్థ ఓట్ల శాతంలో ఎంత తప్పిందో, రెండోదాంట్లో సీట్లలో ఎంత తప్పిందో రాయండి. రెండూ వేరువేరుగానే ఉంచండి. ఓట్ల శాతం ఒకటి రెండు లోపే ఉండి సీట్లు తప్పిన సంస్థ జనాన్ని బాగానే అడిగింది, సీట్ల లెక్కలో దెబ్బతింది. ఓట్లే ఐదారు శాతం తప్పి సీట్లు సరిగ్గా వచ్చిన సంస్థకు అదృష్టం కలిసొచ్చింది, వచ్చేసారి దాని మాట తక్కువ వినండి. తర్వాత ఫారం 20 వెబ్‌సైట్‌లోకి ఎక్కగానే మీ నియోజకవర్గానిది దించుకుని, రెండో పేజీలో పాత అంకెల పక్కనే కొత్తవి రాయండి.